ఈ కాగితం పోతే ఎవరేడుస్తారు?

ఆవిడ పోయిన సంగతి మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే ఫోను చూస్తే ఆవిడ పాత ఫోటో ఉంది. ఎప్పటిదో గ్రూపు ఫోటోలోంచి కత్తిరించినట్టున్నారు, పక్కన ఎవరిదో భుజం సగం కనిపిస్తోంది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మధ్యమధ్య "ఎంతో మంచి మనిషి", "కాలేజీకి తీరని లోటు" అని మాటలు. ఆ మాటలు రాసినవాళ్ళలో రిటైరైన మా పాత ప్రిన్సిపాల్ గారున్నారు, పాత వైస్ ప్రిన్సిపాల్ గారున్నారు. ఆవిడ ఏళ్ళ తరబడి ఒక కాగితం పట్టుకుని వాళ్ళిద్దరి గదుల చుట్టూ తిరిగారు. ఆ కాగితం మీద ఆ ఇద్దరూ సంతకం పెట్టలేదు.

నేనేమీ రాయకుండా ఫోను బోర్లించి, కాలేజీకి తయారయ్యాను.

ఆవిడ మా ఆఫీసు సూపరింటెండెంట్. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ "మేడం గారు". ఆవిడకి లెక్చరర్లందరూ "మాస్టారు"లే, కొత్తగా చేరిన కుర్రవాళ్ళతో సహా. నరసాపురం నుంచి మొదటి బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. వరండా ఆ చివర ఆవిడ ఎవర్నో కోప్పడుతుంటే ఈ చివర క్లాసులో నేను పాఠం ఆపేవాణ్ణి. టేబుల్ కింద ఒక జత మగవాళ్ళ కాన్వాస్ బూట్లుండేవి. రికార్డు రూములోకి వెళ్ళేముందు చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, ఆ బూట్లు తొడుక్కునేవారు. తేళ్ళ భయం. పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వేవారు. "నవ్వండి నవ్వండి. రేపు మీ టీసీ కోసం ఈ బూట్లే లోపలికెళ్ళాలి" అనేవారు.

ఏ ఫైలు తెచ్చినా ముందు వాసన చూసేవారు. చెమ్మ వాసనొస్తే ముఖం చిట్లించి ఎండలో పెట్టించేవారు. భోజనాలయ్యాక కాసేపు కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని లేసు అల్లేవారు. వాళ్ళమ్మ, అక్క అందరూ లేసు పని చేసినవాళ్ళే. ఎక్కడో ఒక ముడి తప్పిందని తెలిస్తే, అరచేయంత అల్లినదాన్ని కూడా క్షణం ఆలోచించకుండా సర్రున దారం లాగి విప్పేసేవారు. చూస్తున్నవాళ్ళకి ప్రాణం ఉసూరుమనేది. ఆవిడకేమీ ఉండేది కాదు.

కాగితాల దగ్గరా అంతే. పెళ్ళి శుభలేఖ, కరెంటు బిల్లు నకలు, సర్క్యులరు, ఏదొచ్చినా చదవడం, పని చూడడం, అవసరం లేదనుకుంటే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వెయ్యడం. ఒకసారి ఆ ఊపులో నా సెలవు చీటీ కూడా చింపేశారు. నేను లబోదిబోమంటే, "మళ్ళీ రాసివ్వండి మాస్టారూ. చేతిరాత బాగుపడుద్ది" అన్నారు తప్ప, పొరపాటైందని మాత్రం అనలేదు.

ఆవిడకి అసహ్యమైన మాట ఒక్కటే, "చూద్దాం."

"చూద్దాం అంటే ఏంటనుకున్నారు మాస్టారూ? కళ్ళు మూసుకుంటాం అని" అనేవారు.

నేను కామర్స్ లెక్చరర్‌గా చేరిన కొత్తలో నన్ను ఒక కమిటీలో వేశారు. పాత రికార్డులు పరిశీలించి, పనికిరానివి తీసేయడానికి సిఫారసు చేసే కమిటీ. ప్రిన్సిపాల్ గారు, వైస్ ప్రిన్సిపాల్ గారు, మూడోవాణ్ణి నేను. ఆ కమిటీలో ఉండడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి కొత్తవాణ్ణి వేశారని తర్వాత తెలిసింది. ఆర్డరు చేతికొచ్చిన రోజే మేడం గారు నన్ను రికార్డు రూముకి తీసుకెళ్ళారు.

మాది కాలువ గట్టు పక్కన కాలేజీ. రికార్డు రూము కెమిస్ట్రీ ల్యాబు వెనకాల, కింది అంతస్తులో. కిటికీ తెరిస్తే కాలువే. వానాకాలం నాలుగు నెలలూ ఆ గోడలు చెమటలు పట్టినట్టుంటాయి. తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన కొట్టింది. నేల నుంచి కప్పు దాకా ఇనుప రాకులు, వాటినిండా కట్టలు, రాకులు చాలక నేల మీద గుట్టలు.

ఆవిడ ఒక కట్ట లాగి దుమ్ము దులిపి నా చేతిలో పెట్టారు. ఎప్పటివో క్వార్టర్లీ పరీక్షల జవాబు పత్రాలు.

"ఈ కాగితం పోతే ఎవరేడుస్తారు మాస్టారూ?"

నేను ఆ కట్టని అటూ ఇటూ తిప్పాను.

"చెప్పండి. ఇది రాసిన పిల్లాడికి ఇప్పుడు పిల్లలుండుంటారు. వాడేడుస్తాడా? దిద్దిన మాస్టారు ఏడుస్తారా?"

"ఎవరూ ఏడవరండి."

"కదా. మరి ఇది చూడండి." అటెండెన్సు పుస్తకాల గుట్ట కింద నుంచి ఒక పెద్ద పుస్తకం అంచు కనిపిస్తోంది. ఆవిడ దాన్ని లాగలేదు, వేలితో చూపించారు. "అడ్మిషన్ రిజిస్టరు. పిల్లాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు. ఇది పోతే ఎంతమంది ఏడుస్తారో నాకు తెలీదు. వాళ్ళకీ తెలీదు, అవసరం పడేదాకా."

కాలేజీలో పుట్టే ప్రతి కాగితానికీ ఒక ఆయుష్షు రాసిపెట్టి ఉంటుందని అప్పుడే తెలుసుకున్నాను. అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, మార్కుల రిజిస్టర్లు శాశ్వతంగా ఉంచాలి. అటెండెన్సులు, జవాబు పత్రాలు, సెలవు చీటీలు, ల్యాబు సామాను ఇండెంట్లు కొన్నేళ్ళుంచితే చాలు. ఆ తర్వాత కమిటీ చూసి, ముగ్గురూ సంతకాలు పెడితే వాటిని కాగితం మిల్లుకి పంపేయొచ్చు. ఆవిడ గొడవంతా అదే. ఉంచాల్సినవాటికి చోటు లేకుండా పోవాల్సినవి కూర్చున్నాయని.

"అన్నీ దాచుకునేవాడు ఏదీ దాచుకోనట్టేనండి" అన్నారు తలుపు తాళం వేస్తూ.

ఆ మాటకి అర్థం నాకు మరుసటి వేసవిలో కళ్ళకి కట్టింది. రావులపాలెం దగ్గర పల్లెటూరి నుంచి ఒకామె వచ్చింది. భర్త హఠాత్తుగా పోయాడు. ఆయన ఉద్యోగం చేసిన చోట పుట్టిన తేదీ ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఆ తేడా తేలితే తప్ప ఆమెకి ఆ ఆఫీసులో ఉద్యోగం ఇవ్వలేమన్నారట. ఆయన ఇంటర్ చదివింది మా దగ్గర. ఏ సంవత్సరమో ఆమెకి తెలియదు. ఆఫీసు ముందు బెంచీ మీద ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కూర్చుంది.

మేడం గారు బూట్లు తొడుక్కుని లోపలికెళ్ళారు. మధ్యాహ్నం భోజనానికి బయటికి రాలేదు. నేను వెళ్ళి చూస్తే స్టూలెక్కి కట్టలు దించుతున్నారు, దించినవి ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకో గుట్ట మీద పేరుస్తున్నారు. దుమ్ముకి దగ్గు. "సాయం పట్టనాండీ?" అంటే "పట్టండి. కానీ తిట్టుకోకండి, చొక్కా పోద్ది" అన్నారు. సాయంత్రం ఆఖరి బెల్లు కొట్టాక దొరికింది. అటెండెన్సు పుస్తకాల అడుగున, గోడ వైపు. అట్ట చెదలు తినేసింది. లోపలి పేజీలు బాగానే ఉన్నాయి.

ఆ పేరు, తేదీ చూపించగానే ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. మేడం గారు ఓదార్చలేదు. సర్టిఫికెట్ రాసి, ప్రిన్సిపాల్ సంతకం చేయించి, స్టాంపు కొట్టి చేతికిచ్చారు. "దీన్ని లామినేషన్ చేయించకు తల్లీ. చేయిస్తే ఆఫీసోళ్ళు మళ్ళీ తిప్పుతారు" అన్నారు. ఆమె మర్నాడు చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి పట్టుకొచ్చింది. మేడం గారు మొదట కసిరారు. తర్వాత ఆఫీసులో అందరికీ తలో పండూ పంచి, తనూ ఒకటి నిలబడే తిన్నారు.

"రేపు ఇలాంటిది ఇంకొకామె వస్తే, చెదలు అట్ట దగ్గర ఆగిపోవు మాస్టారూ" అన్నారు తొక్క బుట్టలో వేస్తూ.

ఏటా జూన్‌లో ఆవిడ నోట్ తయారుచేసేవారు. ఏమేం ఉంచాలి, ఏమేం తీసేయాలి, తీసేస్తే ఎన్ని రాకులు ఖాళీ అవుతాయి, శాశ్వత రికార్డులన్నీ మేడ మీదికి ఎలా తరలించాలి. అంతా పద్ధతిగా టైపు చేయించి కమిటీ ముందు పెట్టేవారు. ప్రిన్సిపాల్ గారు చదివేవారు. ఆయన చెడ్డమనిషి కాదు. కాకపోతే ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా, అది ఎప్పుడో ఒకప్పుడు తన మీదికి తిరిగొస్తుందని భయపడే మనిషి.

"రేపు ఆడిట్‌వాళ్ళు అడిగితే ఏం చెప్తామండీ?"

"ఆడిట్ ఎప్పుడో అయిపోయిందండి వీటికి. ఆ సంగతి కూడా నోట్‌లో రాశాను."

"ఎవరైనా కోర్టుకెళ్తే?"

"క్వార్టర్లీ పరీక్ష మార్కుల కోసం కోర్టుకెవరెళ్తారండీ?"

"మీకు తెలీదు మేడం. రోజులు బాలేవు. ఉంచితే తప్పేముంది? తీసేస్తేనే కదా తప్పు. చూద్దామండి."

ఆ "చూద్దాం" వినగానే ఆవిడ ముఖం గోడలా అయిపోయేది.

వైస్ ప్రిన్సిపాల్ గారి దగ్గర ఇంకో ఆయుధం ఉండేది. ఒక ఏడాది మేడం గారు తీసేయాలని వేరు పెట్టిన పాత పరీక్ష దరఖాస్తుల కట్టలో, ఎవరో విద్యార్థిది పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ ఒకటి ఆయనకి దొరికింది. ఆవిడ కంటపడకుండా వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ప్రతి మీటింగులోనూ ఆయన దాని ఊసెత్తేవారు. "ఆ రోజు నేను చూడకపోతే ఏమయ్యేదండీ ఆ పిల్లాడి గతి?"

"నా తప్పేనండి" అనేవారు ఆవిడ, ప్రతిసారీ అదే గొంతుతో. "అందుకేగా ముగ్గురు చూడాలన్నారు. ఒకళ్ళ కళ్ళు చాలవనే. మీరు చూడండి, నేను వద్దంటున్నానా? చూసి సంతకం పెట్టండి. చూడనూ చూడరు, పెట్టనూ పెట్టరు."

ఆ నోట్ కింద నా సంతకం ఒక్కటే ఉండేది. మిగతా రెండు గీతలూ ఖాళీ. జూన్ తర్వాత జూన్ అలాగే గడిచింది.

ఒక్కసారి మాత్రం ఆవిడ గెలిచారు. పోరగా పోరగా ప్రిన్సిపాల్ గారు మేడ మీద స్టాఫ్ రూములో ఉన్న పెద్ద ఇనుప బీరువా ఇచ్చారు. అడ్మిషన్ రిజిస్టర్లూ, టీసీ పుస్తకాలూ, మార్కుల రిజిస్టర్లూ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, వేపాకు మధ్యలో వేసి, ఆవిడే స్వయంగా అందులో సర్దారు. ఆ రోజు ఆవిడ గొంతు వరండాలో వినిపించలేదు. బస్సెక్కేముందు నాతో, "ఇవాళ నిద్ర పడుద్దండి" అన్నారు.

తర్వాత ఏడాది కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తుందన్నారు. గోడలకి రంగులేశారు, పూల కుండీలు తెచ్చారు. స్టాఫ్ రూముని అతిథుల గది చేయాలన్నారు. ఆటల్లో వచ్చిన కప్పులూ షీల్డులూ పెట్టడానికి అద్దాల బీరువా లేదు, ఆ ఇనుప బీరువాకే తలుపులు తీయించి అద్దాలు బిగించారు. రిజిస్టర్లని కింద రికార్డు రూముకి దించేయమన్నారు.

"రెండు రోజులేనండి మేడం. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ పైకి చేరుద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"రాసివ్వండి" అన్నారు ఆవిడ.

"రెండు రోజులకి రాతకోతలెందుకండీ? నా మాట మీద నమ్మకం లేదా?"

రిజిస్టర్లు కిందికొచ్చాయి. రాకుల్లో చోటు లేదు. తలుపు పక్కన నేల మీద ఇటుకలు వేయించి, వాటి మీద పెట్టించారు. బృందం వచ్చింది, కప్పులు చూసింది, వెళ్ళింది. కప్పులు బీరువాలోనే ఉండిపోయాయి. మేడం గారు వారం వారం అడిగేవారు. ప్రిన్సిపాల్ గారు వేరే బీరువా కొనడానికి పైకి రాశామనేవారు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. కాలేజీకి సెలవిచ్చారు. చేలన్నీ మునిగాయి, మురుగు కాలువలు వెనక్కి తన్నాయి. నాలుగో రోజు పొద్దున ఫోను మోగింది.

"మాస్టారూ, కాలేజీ దగ్గరున్నాను. రండి."

బస్సుల్లేవు. ఎవరిదో ట్రాక్టరెక్కి వచ్చారట. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళేసరికి రికార్డు రూము తాళం పగిలి ఉంది. పక్కన వాచ్‌మన్ గునపం పట్టుకుని నిలబడ్డాడు.

"సెలవులిస్తే తాళంచెవులన్నీ ప్రిన్సిపాల్ గారి దగ్గరే ఉంటాయండి. ఆయన రాజమండ్రిలో ఉన్నారంటండి, ఫోను కలవట్లేదండి. నేను వద్దన్నానండి. మేడం గారు వింటేనా" అన్నాడు వాడు నన్ను చూడగానే.

లోపల నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. గోధుమరంగు నీళ్ళలో అక్కడక్కడ నీలం చారలు. పాత కలాల సిరా. తలుపు పక్కన ఇటుకల మీద పెట్టిన పుస్తకాలు ఉబ్బి, కుట్లు తెగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్ని అట్టలు విడిపోయి తేలుతున్నాయి. మేడం గారు నడుం వంచి నీళ్ళలో చేతులు పెట్టి ఒక పుస్తకాన్ని చంటిపిల్లని ఎత్తినట్టు రెండు చేతులతో కింద నుంచి ఎత్తుతున్నారు. ఆ రోజు బూట్లు లేవు, ఉత్తి కాళ్ళే. ఆ పుస్తకం నా చేతుల్లో పెట్టారు. తర్వాత తలెత్తి రాకుల పై వరసల వైపు చూశారు. అక్కడ క్వార్టర్లీ జవాబు పత్రాలు, అటెండెన్సులు, ల్యాబు ఇండెంట్లు కట్టలు కట్టలుగా, దుమ్ము కూడా చెదరకుండా ఉన్నాయి.

"చూసేరా మాస్టారూ? పైవి చుక్క తడవలేదు."

ముగ్గురం మధ్యాహ్నం దాకా మోసి, రిజిస్టర్లని కెమిస్ట్రీ ల్యాబు బల్లల మీద పరిచాం. నీళ్ళు తీశాక, కరెంటు వచ్చాక, ఆవిడ అసలు పని మొదలుపెట్టారు. పేజీ పేజీకీ మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టడం, తడి పీల్చాక మార్చడం, ఫ్యాన్ల కింద ఆరబెట్టడం. పేజీలు పెసరట్లు అంటుకున్నట్టు అంటుకుపోయాయి. విడదీస్తే చిరుగుతాయి, విడదీయకపోతే బూజు పడుతుంది. నాలుగు రోజులకే బూజు పట్టింది. ముందు తెల్లగా, తర్వాత పచ్చగా, తర్వాత నల్లగా. ల్యాబులోకి ఎవరొచ్చినా ముక్కు మూసుకునేవారు. ఆవిడ కొంగు ముక్కుకి కట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా అక్కడే. నేను క్లాసులు అవగానే వెళ్ళేవాణ్ణి. ఒక పేజీలో సగం పేర్లు కనిపిస్తే, ఆవిడ వాటిని తెల్ల కాగితం మీద ఎత్తి రాసేవారు. కనిపించని చోట చుక్కలు పెట్టేవారు. తండ్రి పేరుండి కొడుకు పేరు లేనివి, ఊరుండి తేదీ లేనివి, అలా ఎన్నో.

ఆ రాసినవి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పట్టుకెళ్ళి, అసలుతో సరిపోల్చి సంతకం పెట్టమన్నారు.

"తడిసిపోయిన రికార్డులోంచి కాపీ అంటే ఎవరొప్పుకుంటారండీ? నేను పెడితే నా మీదికొస్తుంది. విచారణ జరగనివ్వండి, చూద్దాం" అన్నారాయన.

ఆవిడ ఆ కాగితాలు తెచ్చి ల్యాబు బల్ల మీద పెట్టి, చాలాసేపు కుళాయి కింద చేతులు కడుక్కున్నారు.

విచారణకి పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. మర్యాదస్తుడే, గొంతు ఎత్తలేదు. సాక్షిగా నన్నూ కూర్చోబెట్టారు. ఆయన ముందు ఫైలొకటి ఉంది. మేడం గారు ఏటా జూన్‌లో పెట్టిన నోట్‌లన్నీ వరసగా అందులో ఉన్నాయి. రిజిస్టర్లన్నీ నాశనమైనా, అవి మాత్రం ప్రిన్సిపాల్ గారి గదిలో క్షేమంగా ఉన్నాయి.

"ఏళ్ళ తరబడి రాశారు కదమ్మా, రికార్డులు తీసేయాలని?"

"పనికిరానివి తీసేయాలని రాశానండి."

"ఏవి పనికిరావో ఎవరు నిర్ణయించాలి?"

"కమిటీ అండి."

"కమిటీ నిర్ణయించిందా?"

"లేదండి."

"అంటే కమిటీ ఏమీ తేల్చకముందే మీకు వాటిని వదిలించుకోవాలనుంది."

ఆయన పేజీ తిప్పారు. గతంలో ఒరిజినల్ సర్టిఫికెట్‌ని చెత్తలో కలిపిన సంగతి నిజమేనా అని అడిగారు. నిజమేనండి అన్నారు. అనుమతి లేకుండా తాళం పగలగొట్టించిన సంగతి అడిగారు. అదీ నిజమేనండి అన్నారు. అప్పుడు ఆవిడ ఒక్కసారి ముందుకు వంగారు.

"ఒక్క మాట అడుగుతానండి. పై రాకుల్లో పొడిగా ఉన్న కట్టలు మీరు చూసేరా?"

"చూశానమ్మా. ఆమాత్రమైనా మిగిలాయంటే, తొందరపడి తీసేయనివ్వని ప్రిన్సిపాల్ గారి జాగ్రత్త వల్లే" అన్నారు అధికారి.

మేడం గారు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. లెక్క మొత్తం తప్పొచ్చిందని తెలిసినవాళ్ళు పలక పక్కన పెట్టేసినట్టు ఉంది.

నేను లిఖితపూర్వకంగా చెప్పాను. రిజిస్టర్లు మేడ మీద భద్రంగా ఉండేవనీ, బృందం కోసం కిందికి దించమన్నది ప్రిన్సిపాల్ గారనీ, నా ముందే అన్నారనీ రాసిచ్చాను. దానికి ఆర్డరు ఏదీ అని అడిగారు. ఆర్డరు లేదు. ప్రిన్సిపాల్ గారిని అడిగితే, "అప్పటి హడావుడిలో ఏమన్నానో గుర్తు లేదండి. సర్దే బాధ్యత మాత్రం ఆఫీసుదే" అన్నారు. అబద్ధం చెబుతున్న ముఖంలా కూడా లేదు. నిజంగానే మరిచిపోయారేమో.

శాశ్వత రికార్డుల పట్ల నిర్లక్ష్యం అని తేల్చారు. ఆవిడకి ఛార్జ్ మెమో ఇచ్చారు, సస్పెండ్ చేశారు. ఆ సస్పెన్షన్‌లోనే రిటైర్మెంట్ తేదీ వచ్చి వెళ్ళిపోయింది. శాలువా లేదు, సభ లేదు. టేబుల్ సొరుగులో ఉన్న లేసు దారం ఉండ, మందుబిళ్ళలూ ఒక సంచిలో వేసి వాచ్‌మన్ చేత నరసాపురం బస్సులో పంపించారు.

కొన్నాళ్ళకి నరసాపురం వెళ్ళి కలిశాను. రేవుకి వెళ్ళే దారిలో, వాళ్ళక్క గారింట్లో ఉంటున్నారు. బాగా చిక్కిపోయారు. ల్యాబులో పట్టుకున్న దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో బూజు చేరిందన్నారట డాక్టర్లు. వాళ్ళక్క గారు వాకిట్లో లేసు అల్లుతున్నారు. మేడం గారి చేతుల్లో ఏమీ లేదు. పంటు మీద గోదావరి అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చేవాళ్ళని చూస్తూ కూర్చున్నారు.

"అప్పీలు చేద్దామండి. నేను రాస్తాను, తెలిసిన వకీలున్నారు" అన్నాను.

"దేనికండీ? గెలిస్తే రిజిస్టర్లు వస్తాయా?"

"మీ మీద మచ్చ పోతుంది కదండీ."

ఆవిడ దగ్గు తెర వచ్చి తగ్గాక, గొంతు తగ్గించి అన్నారు:

"నాకు మచ్చ గురించి కాదు మాస్టారూ. ఆ రెండు రోజులన్నప్పుడే ఆ పుస్తకాలన్నీ ఆటోలో వేసుకుని మా ఇంటికి పట్టుకొచ్చేయాల్సింది. ఈ గదిలో పెట్టుకోవాల్సింది. దొంగతనం కేసు పెడితే పెట్టేవారు, జైల్లో వేస్తే వేసేవారు. పుస్తకాలుండేవి. రూలు ప్రకారం వెళ్ళానండి. అంతా రూలు ప్రకారమే చేశాను."

వాళ్ళక్క గారు లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చారు. మేడం గారు రెండు గుక్కలు తాగి, నన్ను బస్సుకి ఆలస్యమవుతుందని పంపించేశారు. గుమ్మం దాకా వచ్చి, "ఇంక రాకండి మాస్టారూ. మిమ్మల్ని చూస్తే ఆ గది గుర్తొస్తుంది" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నేను మళ్ళీ వెళ్ళలేదు.

ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారు రిటైరయ్యారు. పెద్ద సభ చేశారు. వరద తర్వాత పై ఆఫీసు నుంచి ఒక ఆర్డరు వచ్చింది, తమ అనుమతి లేకుండా రికార్డు రూములోంచి ఒక్క కాగితం కూడా కదపకూడదని. నేను వైస్ ప్రిన్సిపాల్ అయ్యాక అనుమతి కోరుతూ రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. క్వార్టర్లీ జవాబు పత్రాలు ఇంకా ఆ పై రాకుల్లోనే ఉన్నాయి. కింద నేల ఖాళీ.

ఫోటో వచ్చిన రోజు కాలేజీకి వెళ్ళాను. సంతాపం అని రెండు నిమిషాలు నిలబడ్డాం. ఆవిడని చూసినవాళ్ళు నలుగురైదుగురం. మిగతావాళ్ళు మమ్మల్ని చూసి నిలబడ్డారు. తర్వాత ఆఫీసు పక్కనుంచి వెళ్తుంటే కౌంటరు దగ్గర ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. రావులపాలెం అరటి మార్కెట్లో పనిచేసే మనిషట, యాభై దాటి ఉంటాయి. కూతురి కోసం తన పాత స్టడీ సర్టిఫికెట్ కావాలి. ఇది ఎన్నోసారో వచ్చాడట.

కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి ఓపిగ్గానే చెబుతోంది.

"మీ సంవత్సరంవి లేవండి. అఫిడవిట్ చేయించుకోండి."

"లేవంటే ఎలాగమ్మా? కాలేజీలో లేకపోతే ఇంకెక్కడుంటాయి?"

"ఇదివరకు ఒక మేడం గారుండేవారంటండి. ఆవిడకి కాగితాలంటే పడదంట. పాత రికార్డులన్నీ తగలెట్టించేశారంట."

నేను కౌంటరు దగ్గరికి వెళ్ళాను. "తగలెట్టలేదమ్మా. వరదొచ్చింది" అన్నాను.

ఆ అమ్మాయి కంగారుగా లేచి నిలబడింది. "అవునా సార్? నాకు అలాగే చెప్పారండి. ఆఫీసులో అందరూ అలాగే అంటారండి."

ఆ మనిషి నా వైపు తిరిగాడు. "ఎవరు తగలెడితేనేంటండి, ఏది ముంచితేనేంటండి. నాది ఉందా లేదా చెప్పండి."

"లేదండి" అన్నాను.

"ఏదైనా దారుందాండి?"

నాకు తెలిసిన దారులన్నీ చెప్పాను. అఫిడవిట్, నోటరీ, ఆ తర్వాత పై ఆఫీసు. అక్కడ కూడా అసలు రికార్డే అడుగుతారని కూడా చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు. చేతిలోని ప్లాస్టిక్ కవరు మడిచి చొక్కా లోపల పెట్టుకుని, ఇప్పుడు రావులపాలేనికి బస్సుందాండి అని అడిగాడు. ఉందన్నాను.